ఉచిత కోడ్‌కు పూచీ ఎవరిది?

2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అనే చిన్న సాఫ్ట్‌వేర్‌లో ప్రమాదకరమైన లోపం బయటపడింది. ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు ఏం జరిగిందో చిట్టా రాసిపెట్టడం దాని పని. జావాలో రాసిన ప్రోగ్రాములెన్నో దాని మీదే ఆధారపడ్డాయి కాబట్టి పెద్ద పెద్ద కంపెనీలూ ప్రభుత్వాలూ ఉరుకులు పరుగులు పెట్టాయి. తీరా చూస్తే దాని బాగోగులు చూస్తున్నది కొద్దిమంది వాలంటీర్లు.

ఓపెన్ సోర్స్ అంటే ఇదే. కోడ్ అందరికీ కనిపిస్తుంది, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. పూచీ మాత్రం మాది కాదని లైసెన్సులోనే రాసి ఉంటుంది. కోడ్ దాచిపెట్టి అమ్మే కంపెనీలూ చాలావరకు ఆ మాటే రాస్తాయి, కాకపోతే డబ్బు తీసుకుని.

ఈ తప్పించుకునే దారి మూయాలని యూరోపియన్ కమిషన్ 2022 సెప్టెంబరులో సైబర్ రెసిలియెన్స్ చట్టాన్ని ప్రతిపాదించింది. ఓపెన్ సోర్స్ సంస్థలు గగ్గోలు పెట్టాయి. వాణిజ్య కార్యకలాపం అన్నదానికి గీత సరిగా గీయకపోతే, ఉచితంగా కోడ్ ఇచ్చేవాళ్లూ బోనెక్కాల్సి వస్తుందన్నది వారి భయం. పైథాన్ ఫౌండేషన్ లాంటివి బహిరంగంగానే అభ్యంతరం చెప్పాయి. ఆ భయం అర్థం లేనిది కాదు.

చివరికి 2024 డిసెంబరు 10న అమల్లోకి వచ్చిన చట్టం చూసేది కోడ్ తెరిచి ఉందా, మూసి ఉందా అని కాదు. దాన్ని వ్యాపారంగా మార్కెట్లో పెట్టింది ఎవరని. ఎండాకాలంలో చలివేంద్రం పెట్టినవారిని వదిలేసి, ఆ నీళ్లనే సీసాల్లో నింపి అమ్మేవారిని శుభ్రత గురించి నిలదీసినట్టు. అమ్మే కంపెనీ తన ఉత్పత్తిలో ఏ భాగాలున్నాయో జాబితా ఉంచుకోవాలి. లోపాన్ని ఎవరైనా దాడికి వాడుకుంటున్నట్టు తెలిస్తే 24 గంటల్లో తొలి హెచ్చరిక పంపాలి. వాడుకున్న ఉచిత భాగంలో లోపం కనిపిస్తే దాన్ని నిర్వహించేవారికీ చెప్పాలి. ముఖ్యమైన నిబంధనలు మీరితే జరిమానా కోటిన్నర యూరోల దాకా, లేదా ప్రపంచవ్యాప్త టర్నోవరులో 2.5 శాతం దాకా, ఏది ఎక్కువైతే అది. కోడ్‌ను పోషించే ఫౌండేషన్లకు సంరక్షకులుగా వేరే హోదా ఇచ్చారు. వారికి తేలికపాటి బాధ్యతలున్నాయి, జరిమానా లేదు.

కోడ్ తెరిచి ఉన్నంత మాత్రాన మోసం ఆగదు. ఎక్స్‌జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో, ఏళ్ల తరబడి నమ్మకం సంపాదించిన ఒకరు దొంగదారి పెట్టారు. 2024 మార్చిలో, లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఆరా తీస్తే అది బయటపడింది. మూసిన కోడ్ అయితే ఆయన ఆరా అక్కడే ఆగిపోయేదేమో. ఎక్స్‌జెడ్‌నూ ప్రధానంగా ఒక్క వాలంటీరే నెట్టుకొస్తుండేవారు. అలాంటివారికి శిక్ష తప్పించిన చట్టం, వారికి జీతమెవరిస్తారో మాత్రం చెప్పలేదు. అదే దీని అసలు లోటు.

యూరోపియన్ యూనియన్‌లో అమ్మితే చాలు, హైదరాబాద్ కంపెనీ ఉత్పత్తికైనా ఈ చట్టం వర్తిస్తుంది. లోపాలు తెలియజేసే నిబంధన 2026 సెప్టెంబరు 11 నుంచి, మిగిలినవి చాలావరకు 2027 డిసెంబరు 11 నుంచి.