ప్రజా రవాణా వాహనాల ధ్వంసం – చట్టపరమైన చర్యలు

ఆందోళనల వేళ సిటీ బస్సుపై విసిరిన రాయి ప్రయాణికులను, సిబ్బందిని గాయపరచును. ధ్వంసమైన బస్సు డిపోకు చేరినచో ట్రిప్పులు రద్దయి, మరునాడు ఇబ్బంది పడేది దినకూలీలు, విద్యార్థులే.

చట్టం ద్వారా ఏర్పడిన సంస్థలైన ఆర్టీసీల ఆస్తులకు 1984 నాటి ప్రజా ఆస్తుల నష్ట నివారణ చట్టం వర్తించును. వాహనాలను ధ్వంసం చేసినచో సాధారణంగా 6 నెలల నుండి 5 సంవత్సరాల వరకు, నిప్పు పెట్టినచో 1 నుండి 10 సంవత్సరాల వరకు కఠిన కారాగార శిక్షతో పాటు జరిమానా విధింపబడును.

శిక్షతోనే బాధ్యత తీరదు. 2007లో సుప్రీంకోర్టు స్వయంగా చేపట్టి, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ప్రతివాదిగా ఉన్న కేసులో 2009 ఏప్రిల్ 16న మార్గదర్శకాలు జారీ చేసింది. వాటి ప్రకారం నష్టపరిహారాన్ని నేరస్థులతో పాటు సదరు కార్యక్రమ నిర్వాహకులు కూడా భరించవలెను. కావున ఘటనాస్థలి వీడియో, నష్టం అంచనాలను అధికారులు వెంటనే భద్రపరచుట అవసరం. ఆధారాలు లేనిచో ఆ భారం టికెట్టు కొన్న ప్రయాణికునిపైననే పడును.