మీసం మీదికి చీర!

పట్టుచీర, చేతినిండా గాజులు, తలలో పూలు, చేతిలో పూజ పళ్లెం... దూరం నుంచి చూస్తే ఎవరింటి కొత్త కోడలో అనుకుంటాం. దగ్గరికొచ్చాక కనిపిస్తుంది- మీసం!

కర్నూలు జిల్లాలో ఆదోని దగ్గరి సంతెకుడ్లూరులో హోలీ అంటే ఇదే. ఆ పండగకి అక్కడి మగవాళ్లు ఆడవాళ్లలా ముస్తాబై గుడికి వెళ్లి, రతీమన్మథులకు పూజలు చేస్తారు. వసంతుడి చెలికాడు మన్మథుడు. శివుడి మూడో కంటికి అతడు బూడిదైతే, బతికించమని వేడుకున్న ఇల్లాలు రతీదేవి. అందుకే ఆ జంటకి మొక్కితే కోరినవి జరుగుతాయని ఊరి నమ్మకం.

ఇది సరదా వేషం కాదు, మొక్కు. పెళ్లి కుదరాలనీ పిల్లలు పుట్టాలనీ పంట పండాలనీ... ఒక్కొక్కరిదీ ఒక్కో కోరిక. చదువుకున్నవాళ్లూ వెనకాడరు. కుచ్చిళ్లు సర్దడానికి మాత్రం ఇంట్లో ఆడవాళ్ల సాయం ఉండాల్సిందే!

ఆదోని ప్రాంతంలో చాలామంది రైతులకు వానే దిక్కు. అది మొహం చాటేస్తే గుంటూరు వైపు మిరప కోతలకు వలస పోవాల్సిందే. అందుకే ఆ చీరని చూసి నవ్వబుద్ధి కాదు. మీసం మెలేస్తేనే మగతనం అనుకునే సీమలో, ఇల్లు చల్లగా ఉండాలని చీర కట్టి నలుగురిలోకి రావాలంటే... దానికీ గుండె ఉండాలి మరి!