నది ఒడ్డున దొరికిన పెద్దాయన

1996 జూలైలో వాషింగ్టన్ రాష్ట్రంలోని కెన్నెవిక్ ఊళ్ళో, కొలంబియా నదిలో ఇద్దరు కుర్రాళ్ళకు ఒక పుర్రె దొరికింది. వెతికితే దాదాపు అస్థిపంజరమంతా బయటపడింది. పరీక్షిస్తే ఆ మనిషి సుమారు 8,500 ఏళ్ళనాటివాడని తేలింది!

ఎముకల్ని చూసి ఏం తెలుసుకుంటారు? అతని తుంటి ఎముకలో రాతి ఈటె మొన ఇరుక్కుని ఉంది. దాని చుట్టూ ఎముక మళ్ళీ పెరిగింది. అంటే ఆ దెబ్బకు అతను చనిపోలేదు, కోలుకుని బతికాడన్నమాట. ఎముకలు ఉన్న తీరునుబట్టి, ఎవరో శ్రద్ధగా పాతిపెట్టారని కూడా పరిశోధకులు చెప్పారు.

ఉమటిల్లా, కోల్‌విల్ వంటి స్థానిక తెగలవారు "ఈయన మా పూర్వీకుడు, మాకిచ్చేయండి" అన్నారు. శాస్త్రవేత్తలు కోర్టుకెళ్ళారు. 2004లో అప్పీలు కోర్టు తీర్పు శాస్త్రవేత్తల వైపే వచ్చింది.

మన తాతగారి అస్థికల్ని గోదావరిలో కలపనివ్వకుండా బీరువాలో దాచితే మనం ఊరుకుంటామా?

చివరికి 2015లో డీఎన్‌ఏ పరీక్ష తెగలవారి మాటే నిజమని తేల్చింది. పోల్చి చూడటానికి కోల్‌విల్ తెగవారే తమ డీఎన్‌ఏ ఇచ్చారు. 2017 ఫిబ్రవరిలో ఆ పెద్దాయన్ని మళ్ళీ మట్టిలో కలిపారు. ఎముకల్ని ప్రశ్నలడిగే ముందు, వాళ్ళ వారసుల్ని ఒక మాట అడగడం మర్యాద.