చిన్న గాట్ల శస్త్రచికిత్స పెద్ద కోతగా మారుట ఎందుకు?

హైదరాబాదు పాతబస్తీలో పత్తర్‌గట్టి రాతి కమానుల బజారు దాటి, నయాపూలు మీదుగా మూసీ ఆవలి ఒడ్డు చేరినచో ఉస్మానియా ఆసుపత్రి వచ్చును. జిల్లాల నుండి రోగులు తరతరములుగా ఈ దారిన వచ్చుచున్నారు. వారిలో పిత్తాశయమున రాళ్లు గలవారును ఉందురు.

ఈ వ్యాధికి నేడు ఆసుపత్రులలో సాధారణముగా పొట్టపై మూడు నాలుగు చిన్న గాట్లు పెట్టి లాపరోస్కోపీ చేయుదురు. అయితే కొందరికి మధ్యలో పెద్ద కోత అవసరమగును. అప్పుడు వైద్యుడు తప్పుచేసెనని బంధువులు తగవునకు దిగుట కద్దు. కావున దీని కారణములను పంచాయతీ సభ్యులకు తెలుపదలచితిమి.

పిత్తాశయము కాలేయము క్రిందనుండు చిన్న సంచి. పైత్యరసము ఇందు నిలువయుండును. దీనిని తీయునపుడు దాని సన్నని నాళమును, రక్తనాళమును క్లిప్పులతో బిగించి కోయుదురు. ప్రక్కనే పైత్యరసమును ప్రేగునకు చేర్చు ప్రధాన నాళము గలదు. పొరపాటున అది తెగినచో ప్రాణమునకే ముప్పు. పొట్టలో బొగ్గుపులుసు వాయువు నింపి, కెమేరా చూపు బొమ్మను తెరపై చూచుచు పనిచేయు వైద్యునకు ఏది ఏ నాళమో స్పష్టముగా తెలియవలెను.

పలుమార్లు నొప్పి వచ్చి సంచి వాచి చుట్టుప్రక్కల భాగములకు అంటుకొనినను, పూర్వపు ఆపరేషనుల వలన లోపల అతుకులు పడినను, రక్తస్రావము ఆగకున్నను, పుండు క్యాన్సరని అనుమానము కలిగినను ఈ స్పష్టత లోపించును. అప్పుడు పొట్ట తెరచి, కంటితో చూచి, చేతితో తాకి పని ముగించుటయే క్షేమము. 1882లో బెర్లినులో లాంగెన్‌బుక్ అను వైద్యుడు మొదట పిత్తాశయమును తీసినది ఈ పద్ధతినే. చిన్న గాట్ల విధానము 1985లో జర్మనీలోనే మొదలయ్యెను.

ఇట్లు మారుట సుమారు నూటికి ఐదుగురిలో జరుగును. వాపు తీవ్రముగా నున్నచో ఇంకను హెచ్చు. పెద్ద కోత పడినవారు ఆసుపత్రిలో మరికొన్ని దినములుండవలెను. బరువు పనులకు నెలకు పైగా దూరముగా నుండవలెను. కూలికి పోవు కుటుంబమునకు ఇది చిన్న నష్టము కాదు. కావున ఇంటి ఏర్పాట్లు ముందే చూచుకొనుట మేలు.

నొప్పిలేని రాళ్లకు సాధారణముగా ఆపరేషను అక్కరలేదు. కాని భోజనానంతరము కుడి డొక్కలో నొప్పి మరల మరల వచ్చుచున్నచో జాప్యము చేయరాదు. జాప్యమే వాపును పెంచును. జ్వరము, పచ్చకామెర్లు తోడైనచో వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. అంగీకారపత్రముపై సంతకమునకు ముందు “పెద్ద కోత అవసరపడవచ్చునా?” అని వైద్యుని అడుగుడని మీ గ్రామస్థులకు చెప్పుడు. వైద్యుడు వేళకు కోత మార్చుట రోగి ప్రాణరక్షణకే యని వారికి తెలియజేయుడని మా మనవి.