మీకు తెలుసా? 300 కొంటే 450 వచ్చింది!

1998లో ఇంటెల్ తెచ్చిన సెలెరాన్ 300ఏ ప్రాసెసర్ వేగం 300 మెగాహెర్ట్జ్. మదర్‌బోర్డు బస్ వేగం 66.67ను 4.5తో హెచ్చిస్తే వచ్చే లెక్క అది. ఆ గుణకాన్ని మార్చే వీల్లేదు. దాంతో ఔత్సాహికులు బస్ వేగాన్నే 100కు పెంచారు. చాలా చిప్‌లు 450 దగ్గర నిక్షేపంగా పనిచేశాయి! ఇదే ఓవర్‌క్లాకింగ్.

ఇప్పుడు ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్ పేరు చివర 'కె' ఉండి, మదర్‌బోర్డు కూడా అనుమతిస్తే బయాస్‌లో గుణకం మార్చుకోవచ్చు. బేస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్, గుణకం 50 అయితే 5 గిగాహెర్ట్జ్ అన్నమాట.

కొత్తవాళ్లు గుణకాన్ని ఒక్కో అంకె చొప్పున పెంచుతూ, ప్రతిసారీ స్ట్రెస్ టెస్ట్ పెట్టి ఉష్ణోగ్రత చూసుకోవాలి. వోల్టేజీ విషయంలో తొందరపడొద్దు. అది 10 శాతం పెరిగితే, వేగం మారకపోయినా, స్విచింగ్‌కు ఖర్చయ్యే విద్యుత్తు సుమారు 21 శాతం పెరుగుతుంది. అదంతా వేడిగానే బయటికొస్తుంది!