గెలుపులోనూ ఓటమిలోనూ రికార్డు ఆయనదే!

1929 అక్టోబరు 8. షికాగోలోని రిగ్లీ ఫీల్డ్ స్టేడియం కిక్కిరిసిపోయింది. అమెరికా బేస్‌బాల్‌కి అతి పెద్ద పండగైన వరల్డ్ సిరీస్‌లో మొదటి మ్యాచ్. ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ తరఫున బంతి విసరడానికి స్టార్ ఆటగాడు లెఫ్టీ గ్రోవ్ వస్తాడనుకుంటే... ఆ ఏడాది పెద్దగా ఆడని 35 ఏళ్ల హోవార్డ్ ఎమ్కీ వచ్చాడు! సొంత జట్టువాళ్లే నోరెళ్లబెట్టారు. సూటూ టైతో, చేతిలో స్కోరుకార్డుతో కూర్చున్న 66 ఏళ్ల మేనేజర్ మాత్రం నిమ్మళంగా ఉన్నారు.

ఆయనే కోనీ మాక్. అంతకు కొన్ని వారాల ముందు ఎమ్కీని పంపించేద్దామనుకున్నారు. తన చేతిలో ఇంకో మంచి మ్యాచ్ మిగిలి ఉందని అతను అడిగేసరికి మనసు మార్చుకుని, షికాగో జట్టు ఆట చూసిరమ్మని రహస్యంగా పంపారు. ఎమ్కీ ఆ రోజు 13 మందిని స్ట్రైకవుట్ చేశాడు. వరల్డ్ సిరీస్‌లో అప్పటికి అదే రికార్డు. అథ్లెటిక్స్ 3-1తో గెలిచింది.

బేస్‌బాల్ మేనేజరంటే లెక్కలు చూసుకునే ఉద్యోగి కాదు. క్రికెట్లో కెప్టెన్, కోచ్ చేసే పనులు రెండూ ఆయనవే. మిగతా మేనేజర్లు ఆటగాళ్లలాగే యూనిఫాం వేసుకుంటే, మాక్ మాత్రం సూటులోనే ఉండేవారు. స్కోరుకార్డు ఊపితే ఫీల్డర్లు అటో ఇటో జరగాల్సిందే. అందరికీ ఆయన 'మిస్టర్ మాక్'.

1862లో మసాచుసెట్స్‌లో ఐరిష్ వలస కుటుంబంలో పుట్టారు. అసలు పేరు కార్నీలియస్ మెక్‌గిలికడీ. కుర్రతనంలో చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసి, ఆ తర్వాత క్యాచర్‌గా ఆడారు. 1894 నుంచి మూడేళ్లు పిట్స్‌బర్గ్‌కి మేనేజర్. 1901లో అథ్లెటిక్స్ పగ్గాలు పట్టుకుని 1950 దాకా... అంటే యాభై సీజన్లు వదల్లేదు!

ఆ జట్టు తెల్ల ఏనుగని న్యూయార్క్ మేనేజర్ జాన్ మెక్‌గ్రా ఎద్దేవా చేస్తే, మాక్ తెల్ల ఏనుగునే జట్టు గుర్తుగా పెట్టుకున్నారు. 1910, 1911, 1913ల్లో వరల్డ్ సిరీస్ గెలిచారు.

అయితే మాక్ జట్టులో వాటాదారు కూడా. చిక్కంతా అక్కడే వచ్చింది. 1914లో కొత్త లీగ్ ఎక్కువ జీతాలు ఆశ చూపింది. అంత ఇచ్చుకోలేక స్టార్లను వదులుకున్నారు. ఎడ్డీ కాలిన్స్‌ను 50 వేల డాలర్లకు అమ్మేశారు. 1916లో 36 గెలుపులు, 117 ఓటములు! వరసగా ఏడేళ్లు ఆఖరి స్థానమే.

మళ్లీ ఓపిగ్గా కుర్రాళ్లను వెతికి 1929, 1930ల్లో విజేతగా నిలిపారు. ఈసారి ఆర్థిక మాంద్యం కాటేసింది. పైగా పెన్సిల్వేనియాలో 1934 దాకా ఆదివారం మ్యాచ్‌లు ఆడటానికే లేదు. సెలవురోజు ఆట లేకపోతే టిక్కెట్లు కొనేదెవరు? గ్రోవ్, సిమన్స్, కాక్రేన్, ఫాక్స్... అందర్నీ అమ్మేశారు. జట్టు మళ్లీ పైకి లేవలేదు.

వేరే మేనేజరైతే ఎప్పుడో ఉద్యోగం ఊడేది. యజమానిని తీసేసేదెవరు? చివరి రోజుల్లో ఎప్పుడో వెళ్లిపోయిన ఆటగాళ్లను పేరుపెట్టి పిలిచేవారట. కోచ్‌లే సర్దుకునేవారు. 87వ ఏట తప్పుకునేనాటికి లెక్క... 3,731 గెలుపులు, 3,948 ఓటములు. మేనేజర్లలో రెండు రికార్డులూ నేటికీ ఆయనవే.

1953లో ఫిలడెల్ఫియా స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. మరుసటి ఏడాదే అప్పులు భరించలేక జట్టును అమ్మేశారు. అది కాన్సాస్ సిటీకి తరలిపోయింది. 1956 ఫిబ్రవరిలో మాక్ కన్నుమూసేనాటికి, కోనీ మాక్ స్టేడియంలో ఆడుతున్నది ఊళ్లోని రెండో జట్టు ఫిలీస్.