దేహనిర్మాణం – పరిభాష

దేహభాగాల ఆకృతిని, అమరికను, పరస్పర సంబంధాన్ని వివరించేది శరీర నిర్మాణశాస్త్రం. ఆ భాగాలు నిర్వర్తించే పనులను వివరించేది శరీర ధర్మశాస్త్రం. ఏ శాస్త్రమైనా తన వస్తువులకు నిర్దిష్టమైన పేర్లు పెట్టుకొంటుంది. ఆ పేర్ల సముదాయమే పరిభాష.

నంద్యాల జిల్లాలోని ఆళ్లగడ్డ రాతి విగ్రహాలకు ప్రసిద్ధి చెందింది. దేహాన్ని కొలతలతో గ్రహించేవాడు శిల్పి. శిల్పశాస్త్రంలో ముఖం పొడవుకు ‘తాళం’ అని పేరు. దానిని పన్నెండు సమభాగాలు చేస్తే ఒక్కొక్కటి ఒక అంగుళం. ఇది కొలబద్ద మీది అంగుళం కాదు. విగ్రహ ప్రమాణాన్ని బట్టి మారుతుంది. నవతాళ విగ్రహం ఎత్తు 108 అంగుళాలు. ముఖంలో నుదురు నాలుగు, కనుబొమల నుండి నాసికాగ్రం వరకు నాలుగు, అక్కడి నుండి గడ్డం వరకు నాలుగు అంగుళాలు. వంపు లేకుండా నిటారుగా నిలిచిన భంగిమను ‘సమభంగం’ అంటారు.

ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. శిల్పి వెలుపలి నుండి చూసే దేహాన్ని వైద్యవిద్యార్థి లోపలి నుండి పరిశీలిస్తాడు. అతనికీ ఒక ప్రామాణిక భంగిమ ఉన్నది. మనిషి నిటారుగా నిలిచి, ముందుకు చూస్తూ, అరచేతులు ముందువైపు తిప్పి ఉంచినట్లు భావించాలి. పైన, కింద, ముందు, వెనుక అనే దిశలన్నీ ఈ భంగిమను అనుసరించే నిర్ణయమవుతాయి. భుజంతో పోల్చి చూస్తే మోచేయి సమీపస్థం, మణికట్టు దూరస్థం. కుడి, ఎడమలు చూసేవానివి కావు, ఆ దేహానివి. విగ్రహం కుడిచేయి మనకు ఎడమవైపు కనిపిస్తుంది. రోగి విషయంలో ఈ భేదం మరచితే శస్త్రచికిత్స ఒక కాలికి బదులు మరొక కాలికి జరిగే ప్రమాదం ఉన్నది.

పెద్దల దేహంలో సాధారణంగా 206 ఎముకలు ఉంటాయి. కపాలం, వెన్నెముక, పక్కటెముకలు మొదలైన 80 ఎముకలు అక్షాస్థిపంజరం. కాళ్లు, చేతులు, వాటిని మొండెంతో కలిపే తక్కిన 126 అనుబంధాస్థిపంజరం. దండచేతిలో ఉన్నది భుజాస్థి, ముంజేతిలో రత్ని, అరత్ని, తొడలో ఊర్వస్థి. సుశ్రుతుడు ఎముకలు 300 అన్నాడు, చరకుడు 360 అన్నాడు. దంతాలు మొదలైనవాటిని కూడా వారు ఎముకలుగానే లెక్కించారు. ‘ఎముక’ అనే పదానికి చెప్పుకొన్న అర్థాన్ని బట్టి లెక్క మారుతుందన్నమాట.

వ్యవహారభాషలో ఒకే మాట అనేక భాగాలకు వర్తిస్తుంది. ముంజేతి మీద నీలంగా కనిపించేదీ నరమే, మడమ వెనుక గట్టిగా తగిలేదీ నరమే, తిమ్మిరి పుట్టించేదీ నరమే. శాస్త్రంలో ఇవి మూడు. మొదటిది రక్తాన్ని గుండెకు చేర్చే సిర. రెండవది కండరాన్ని ఎముకకు బంధించే స్నాయుబంధనం. మూడవది మెదడుకు, వెన్నుపాముకు వార్తలు చేరవేసే నాడి. ‘కడుపు’ అనే మాట కూడా ఇట్లాంటిదే. ఉదరం, జీర్ణాశయం, గర్భాశయం అనే మూడింటినీ మనం ఆ ఒక్క పేరుతోనే పిలుస్తాము.

పొలం పనిలో గాయపడిన రైతు ‘చేతి నరం తెగింది’ అని చెప్పినప్పుడు వైద్యుడు మూడు అవకాశాలను పరిశీలించవలసి ఉంటుంది. తెగినది సిర అయితే ముందు రక్తస్రావాన్ని ఆపాలి. స్నాయుబంధనమైతే వేలు ముడుచుకోవడమో చాచుకోవడమో సాగదు. నాడి అయితే స్పర్శ పోవచ్చు. రైతు మాటలో దోషం లేదు. అది అనుభవం పలికించిన మాట. దానిని ఆలకించి, సరియైన భాగాన్ని గుర్తించి, తిరిగి రైతుకు అర్థమయ్యే తెలుగులో చెప్పగలిగినవాడే సమర్థుడైన వైద్యుడు. పరిభాష నేర్చినవారు ఇంటిమాటను మరువరాదు. ఇంటిమాట ఒక్కటే తెలిసినవారు తమ దేహభాగాల సరియైన పేర్లను తెలుసుకోవాలి. బాధ ఎక్కడ ఉన్నదో స్పష్టంగా చెప్పగలగడమే చికిత్సకు తొలిమెట్టు.